మా తమ్ముడు ఏ బ్యారక్‌లో పడుకోవాలి

ఇంట్లో ఒకరు జైలుకు పోతే మిగతావాళ్ళందరి ధ్యాస బెయిల్ మీదే ఉంటుంది. వకీలు ఎవరు, జమానతు ఎవరిస్తారు, వాయిదా ఎప్పుడు, ఇవే మాటలు. లోపల మనిషిని ఏ బ్యారక్‌లో ఉంచారు, రాత్రి పక్కన ఎవరు పడుకుంటున్నారు అని అడగాలన్న ఆలోచన రాదు. మాకు మాత్రం బెయిల్ కంటే ముందు ఆ ప్రశ్నే ఎదురైంది. మనసుకు జబ్బు ఉన్న మనిషికి జైల్లో పడుకునే చోటు కూడా వైద్యంలో భాగమేనని నేను ఈ ఏడాదిలో నేర్చుకున్నాను. ఇలాంటి కష్టంలో ఉన్న ఇంకో ఇంటివాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది జడ్చర్ల దగ్గర పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్ని. తమ్ముడికి డిగ్రీ రెండో ఏడాదిలో జబ్బు మొదలైంది. ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని, గోడల్లోంచి పిలుస్తున్నారని అనేవాడు. గాలి సోకిందని జహంగీర్ పీర్ దర్గాకు తీసుకుపోయాం, తాయెత్తు కట్టించాం. చివరికి హైదరాబాద్ ఎర్రగడ్డ ఆస్పత్రిలో చూపిస్తే స్కిజోఫ్రీనియా అన్నారు. మాత్రలు వేసుకున్నన్ని రోజులు బాగుండేవాడు. సెంట్రింగ్ పనికి పోయేవాడు, మా పిల్లలకు లెక్కలు చెప్పేవాడు. పని కోసం ఊరు దాటినప్పుడల్లా మాత్రలు ఆగేవి, కల్లు మొదలయ్యేది. మా దిక్కు కల్లు అంటే చెట్టు కల్లు అనుకోవద్దు. కంపౌండ్లలో అమ్మేది చాలావరకు మందు కల్లు. అందులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. అలవాటు పడ్డ ఒంటికి అది ఒక్కసారిగా ఆగిందంటే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు పాలమూరు, నిజామాబాద్ దిక్కు నుంచి వందల మంది ఇట్లాగే ఆస్పత్రుల పాలయ్యారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో అరుగుల మీద కూర్చుని వణుకుతున్న పెద్దమనుషులను నేను చూశాను.

కిందటి ఎండాకాలం తమ్ముడు మాత్రలు మానేసి కల్లు కంపౌండ్ దగ్గరే ఉంటున్నాడు. ఒకరోజు అక్కడ ఒకాయన తనను తిడుతున్నాడనుకుని రాయితో తల మీద కొట్టాడు. ఆయన బతికి బయటపడ్డాడు, మా అదృష్టం. ఆయన ఇంటికి పోయి కాళ్ళు పట్టుకుని వచ్చాం. కేసు కేసే. పోలీసులు తీసుకుపోయి, ఆస్పత్రిలో చూపించి, మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టారు. రిమాండ్ పడింది. ఏ జైలో పేరు రాయడం లేదు. అక్కడ పనిచేసేవాళ్ళలో మంచివాళ్ళు నాకు ఎదురయ్యారు, జరిగిన పొరపాట్లు ఆ ఒక్కచోటే జరిగేవి కూడా కావు.

జైలు గేటు దగ్గర ఏం జరుగుతుందో తర్వాత తమ్ముడు చెప్పాడు, ఒక హెడ్ వార్డర్ కూడా చెప్పాడు. వారెంట్ చూసి పేరు, తండ్రి పేరు, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చలు రాసుకుంటారు. తనిఖీ చేస్తారు. ఎత్తు, బరువు, బీపీ చూస్తారు. షుగర్ ఉందా, టీబీ ఉందా, ఫిట్స్ వస్తాయా అని అడుగుతారు. "తాగుతవా?" అన్నారట. "తాగుత" అన్నాడు. అక్కడితో అయిపోయింది. ఏం తాగుతావు, రోజుకు ఎన్ని సీసాలు, ఆఖరుసారి ఎప్పుడు తాగినవ్ అని అడగలేదు. మనసుకు ఏమన్నా బాగలేదా అన్న ప్రశ్న కూడా వచ్చిందట, వరుసలో ముందూ వెనకా పదిమంది నిలబడి ఉండగా. అంతమందిలో "నాకు గొంతులు వినిపిస్తయి" అని ఏ మగవాడు చెప్తాడు? "ఏం లేదు సార్" అన్నాడు. కేంద్ర హోంశాఖ 2016లో తెచ్చిన నమూనా జైలు మాన్యువల్ కొత్తగా వచ్చిన ప్రతి ఖైదీకి ఆరోగ్య పరీక్ష చేయాలని, మానసిక స్థితి కూడా చూడాలని చెప్తుంది. చూడటమంటే విడిగా కూర్చోబెట్టి అడగడం. అది జరగలేదు.

కొత్తవాళ్ళ బ్యారక్‌లో వేశారు. రెండో రాత్రికే గోడల మీద పురుగులు పాకుతున్నాయని కేకలు పెట్టాడు. మూడో రాత్రి పక్కన పడుకున్నతన్ని తన్నాడు. తెల్లారేసరికి ఒంటరి సెల్‌లో పెట్టి తాళం వేశారు.

ఈ సంగతి నాకు ములాఖత్‌లో తెలిసింది. జాలీ అవతల నిలబడ్డ తమ్ముడు నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. "అక్కా, ఈడ రేయింబవళ్ళు ఒక్కతీరే ఉంటది. నన్ను ఎవరన్న ఉన్నకాడ పండబెట్టుమను" అన్నాడు. బెయిల్ ఎప్పుడని అడగలేదు. ఇంటికి తీసుకుపొమ్మనలేదు. మనుషులున్న చోట పడుకోనిమ్మన్నాడు, అంతే.

జైలర్‌ని కలిశాను. ఆయన దురుసుగా ఏమీ మాట్లాడలేదు. "అమ్మా, బ్యారక్‌ల యాభై అరవై మంది పంటరు. రాత్రి ఎవని మీదన్న పడి కొడితే జవాబు నేను చెప్పాలె. సెల్‌ల అయితే ఆయనకూ దెబ్బ తగలదు, వేరేవాళ్ళకూ తగలదు" అన్నాడు. ఆయన వైపు నుంచి చూస్తే ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. వార్డర్లు తక్కువ, రాత్రి కాపలా తక్కువ. జైల్లో ఎవరిని ఎక్కడ ఉంచాలన్న లెక్క కూడా పాతది. 1894 జైళ్ళ చట్టం ఆడవాళ్ళను మగవాళ్ళ నుంచి, ఇరవయ్యొక్క ఏళ్ళ లోపు వాళ్ళను పెద్దవాళ్ళ నుంచి, విచారణలో ఉన్నవాళ్ళను శిక్ష పడ్డవాళ్ళ నుంచి, సివిల్ ఖైదీలను క్రిమినల్ ఖైదీల నుంచి వేరుగా ఉంచమంది. మనసు బాగలేనివాళ్ళ మాట ఆ విభజనలో లేదు. అందుకే ఎక్కడా ఇమడని మనిషి సెల్‌కు పోతాడు.

కానీ తాళం వేసిన గదిలో గొంతులు ఇంకా పెద్దవవుతాయి. పన్నెండేళ్ళుగా ఈ జబ్బుతో ఒకే ఇంట్లో బతికినదాన్ని, ఆ మాట నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

దారి చూపింది జిల్లా న్యాయ సేవాధికార సంస్థ తరఫున జైలుకు వచ్చే పారా లీగల్ వాలంటీర్. మాలాంటి పల్లెటూరి ఆవిడే. జైల్లో ఉన్నవాళ్ళకు, మానసిక జబ్బు ఉన్నవాళ్ళకు ఆస్తి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టం పన్నెండో సెక్షన్‌లోనే ఉందని, 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారని ఆమె చెప్పింది. అట్లా మాకు లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వకీలు దొరికాడు. ఆయన నన్ను మొదట అడిగింది కాగితాలు. ఎర్రగడ్డ ఓపీ చీటీలు, మాత్రల అట్టలు, తమ్ముడు మాత్రలు ఎప్పుడు మానేశాడో, ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాడో నేను రాసుకున్న నోటుబుక్ తీసుకుపోయాను. అంగన్‌వాడీలో పిల్లల బరువులు తారీఖులతో రాసే చెయ్యి కదా, తమ్ముడి జబ్బు కూడా అట్లాగే రాసిపెట్టుకున్నాను. మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చింది ఆ నోటుబుక్కే. ఒక జిరాక్స్ జైలు డాక్టరుకు, ఒకటి సూపరింటెండెంట్‌కు, ఒకటి కోర్టుకు ఇచ్చాం. ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్నాం.

వకీలు కోర్టులో రెండు విషయాలు పెట్టాడు. ఒకటి, పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 367వ సెక్షన్ నుంచి ఉన్న నిబంధనల ప్రకారం ముద్దాయిని మానసిక వైద్యుడికి చూపించాలి. రెండు, పరీక్ష అయ్యేదాకా ఒంటరి సెల్‌లో ఉంచకూడదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లోని 97వ సెక్షన్ మానసిక జబ్బు ఉన్నవాళ్ళను ఏకాంతంలో బంధించవద్దంటుంది. జైలు అధికారులు తమంతట తాము ఎవరినీ ఏకాంత నిర్బంధంలో పెట్టకూడదని సుప్రీంకోర్టు 1978లో సునీల్ బాత్రా కేసులో చెప్పిన మాట కూడా రాశాడు. ఇంకొక లెక్క కూడా చేర్చాడు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ అమితావ రాయ్ కమిటీ లెక్క ప్రకారం 2017 నుంచి 2021 దాకా దేశంలోని జైళ్ళలో 817 అసహజ మరణాలు జరిగితే అందులో 660 ఆత్మహత్యలు. ఆ అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సెల్‌లో ఉంటే దెబ్బ తగలదన్న జైలర్ మాటకు అదే జవాబు.

మేజిస్ట్రేట్ పరీక్షకు ఆర్డర్ ఇచ్చారు. ఆర్డర్ వచ్చినంత మాత్రాన మనిషి ఆస్పత్రికి చేరడు. ఎస్కార్ట్ పోలీసులు దొరకాలి. బందోబస్తు ఉందంటే ఎస్కార్ట్ ఉండదు. ఒకసారి ఓపీ టైము దాటాక వచ్చి తిరిగిపోయారు. ఈ నిరీక్షణ గురించి రాయాలంటే చాలా ఉంది కానీ రాయను. ఒక్క మాట చెప్తాను. ఎస్కార్ట్ ఎప్పుడు దొరుకుతుందో జైల్లో అడిగి, ఆ రోజు డాక్టరు ఓపీలో ఉంటారో లేదో ఆస్పత్రిలో అడిగి, రెంటినీ కలిపే పని ఇంటివాళ్ళే పెట్టుకోవాలి.

మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి మానసిక విభాగంలో చూసిన డాక్టరు వయసులో చిన్నావిడ. ముందు కానిస్టేబుళ్ళను తలుపు బయట నిలబడమంది. వాళ్ళు కొంత తటపటాయించి, తలుపు తెరిచి ఉంచుతామని ఒప్పుకున్నారు. తమ్ముడికి నీళ్ళిచ్చింది. తర్వాతే మాటలు మొదలుపెట్టింది.

ఈరోజు ఏ వారం, ఇది ఏ ఊరు, ముఖ్యమంత్రి ఎవరు అని అడిగింది. మూడింటికీ సరిగ్గా చెప్పాడు. వందలోంచి ఏడు తీసేస్తూ పొమ్మంది. తొంభై మూడు, ఎనభై ఆరు అని ఆగిపోయాడు. మా పిల్లలకు లెక్కలు చెప్పినవాడు. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు అంటరు కదా, అంటే ఏంది?" అని అడిగింది. "పాలల్ల మందు కలుపుతరు మేడం, నీళ్ళే నయం" అన్నాడు. ఆమె నవ్వలేదు, ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకుంది. గొంతులు ఎన్ని, ఆడవా మగవా, ఏం చేయమంటాయి, వాటి మాట వినకుండా ఉండగలుగుతావా అని అడిగింది. చచ్చిపోవాలని అనిపిస్తుందా అని సూటిగా అడిగింది. ఆ ప్రశ్న అడిగితే ఆలోచన పుడుతుందేమోనని మా ఇంట్లో ఎవరం ఏనాడూ అడగలేదు. అట్లా ఏమీ పుట్టదని, అడిగితే మనిషికి భారం దిగుతుందని ఆమె తర్వాత చెప్పింది. తమ్ముడు తల దించుకుని "సెల్‌ల ఉన్నప్పుడు రోజూ అనిపిస్తది" అన్నాడు.

తర్వాత కల్లు సంగతి. ఎన్ని సీసాలు, ఏ కంపౌండ్, పొద్దున లేవగానే కావాలా, ఆఖరుసారి ఎప్పుడు. నా నోటుబుక్ తెరిచింది. జైలు నుంచి వచ్చిన కాగితాల్లో రాత్రి డ్యూటీ రిజిస్టర్ నకలు ఒకటి ఉంది. అందులో హెడ్ వార్డర్ రాత్రి ఎన్నింటికి కేకలు పెట్టాడు, పొద్దున ఎట్లా ఉన్నాడు అన్నది మూడు నాలుగు ముక్కల్లో రాశాడు. ఆ ముక్కలు చూసి డాక్టరు నాకు విడమరచి చెప్పింది. "రోజు, చోటు తెలియకుండ పోయి, పురుగులు కనపడి, రాత్రి ఎక్కువై పొద్దున తగ్గిందంటే అది కల్లు ఆగిన గుణం. ఇప్పుడు రోజు, చోటు అన్నీ తెలుస్తున్నయి, అయినా గొంతులు వినపడుతున్నయి, అనుమానం ఉన్నది. ఇది పాత జబ్బు. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డయమ్మా."

మొదటి వారంలో ఎవరైనా ఇది గుర్తిస్తే డైజిపామ్ లాంటి మందు ఇచ్చి మెల్లగా తగ్గించుకుంటూ వచ్చేవాళ్ళట. కల్లు ఆగిన గుణాన్ని గుర్తించక వదిలేస్తే ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు కూడా. మా పాలమూరు జిల్లాలో ఇది అరుదైన సంగతి కాదు. కల్లుకు అలవాటు పడ్డ మగవాళ్ళు ప్రతి జైలుకూ వస్తూనే ఉంటారు. వాళ్ళలో ఎంతమందికి పిచ్చి ముద్ర పడిందో, నిజంగా జబ్బున్నవాళ్ళలో ఎంతమందిని "కల్లు దిగితే అదే పోతది" అని వదిలేశారో ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. 2025 ఇండియా జస్టిస్ రిపోర్ట్ ప్రకారం దేశంలో ఐదు లక్షల డెబ్బై వేల పైచిలుకు ఖైదీలకు జైళ్ళలో ఉన్న మానసిక నిపుణులు 25 మంది. నమూనా మాన్యువల్ అయిదు వందల మందికి ఒకరు ఉండాలంటుంది.

డాక్టరు సిఫారసు మీద కోర్టు ఎర్రగడ్డ ఆస్పత్రికి పంపింది. అక్కడ ఖైదీలకు వేరే వార్డు ఉంది, పోలీసు కాపలా ఉంటుంది. నన్ను తమ్ముడు తన నామినేటెడ్ ప్రతినిధిగా రాసిచ్చాడు. 2017 చట్టం 14వ సెక్షన్ కింద ఆ హక్కు ఖైదీకీ ఉంది. ఆ కాగితం ఉంటే ఏ మందు ఎందుకు ఇస్తున్నారో మనకు చెప్తారు. గొంతులను తగ్గించే రిస్పెరిడోన్ మాత్ర మళ్ళీ మొదలుపెట్టారు. కొన్ని వారాల్లో తమ్ముడి మొహంలోకి మనిషి తిరిగొచ్చాడు. భోజనం బాగలేదని నాతో పోట్లాడాడు, నాకు సంతోషమనిపించింది.

అసలు పరీక్ష జైలుకు తిరిగి పంపేటప్పుడు మొదలైంది. డిశ్చార్జి కాగితంలో మామూలుగా మందులు, మళ్ళీ రావాల్సిన తారీఖు మాత్రమే ఉంటాయి. నేను డాక్టరు గారిని బతిమాలాను: "సార్, ఎక్కడ పండాలె, ఎవరితోని ఉండాలె అన్నది గూడ రాయుండ్రి. మీరు రాస్తేనే ఆడ వింటరు." ఆయన కాసేపు ఆలోచించి, కింద విడిగా రాశాడు. ఒంటరిగా ఉంచవద్దు. కొత్తవాళ్ళు రాత్రిళ్ళు వచ్చిపోయే బ్యారక్‌లో వద్దు. నిద్ర చెడగొట్టే రాత్రి పనులు ఇవ్వవద్దు. రాత్రి మాత్ర సిబ్బంది ఎదురుగా మింగించాలి. తిండి, నిద్ర తగ్గినా, తనలో తాను మాట్లాడుకున్నా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఆ కాగితం పట్టుకుని నేను, వకీలు సూపరింటెండెంట్ దగ్గర కూర్చున్నాం. ఆయన జైలు పటం బల్ల మీద పరిచి ఒక్కో చోటు గురించి చెప్పాడు. కొత్తవాళ్ళ బ్యారక్ వద్దని డాక్టరే రాశాడు. పెద్ద రిమాండ్ బ్యారక్‌లో కొట్లాటలు ఎక్కువ. ఆస్పత్రి గదిలో ఉన్న మంచాలు టీబీ, జ్వరం వాళ్ళకే చాలవు. మిగిలింది దాని పక్కన ముసలివాళ్ళు, బీపీ షుగర్ వాళ్ళు ఉండే చిన్న బ్యారక్. "ఈయన ఆ పెద్దమనుషుల మీద చెయ్యి చేసుకుంటే?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. వాళ్ళకూ ఇంట్లో అక్కచెల్లెళ్ళున్నారు. ముందు పగటిపూట వాళ్ళతో ఉంచి, సాయంత్రం గుమ్మం దగ్గర వార్డర్ కళ్ళ ముందు పడుకోబెట్టి, వారం చూసి నిర్ణయిద్దామని ఒప్పుకున్నాడు.

చోటు ఖాయమయ్యాక తమ్ముడే ఒక సంగతి చెప్పాడు. బ్యారక్‌లో కొత్తగా వచ్చినవాడికి మరుగుదొడ్డి పక్కనే జాగా దొరుకుతుంది. అక్కడ కుళాయి కారుతూ ఉంటే ఆ చప్పుడే తనకు మాటలుగా మారుతుందట. ఏ డాక్టరూ అడగని, ఏ ఫారంలోనూ లేని సంగతి. హెడ్ వార్డర్‌కు చెప్తే కిటికీ వైపు జాగా మార్పించాడు. కుళాయి వాషర్ కూడా వేయించాడు. ఆ చిన్న పని ఒక బిళ్ళంత పనిచేసిందని తమ్ముడు ఇప్పటికీ అంటాడు.

కొల్లాపూర్ దిక్కు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఆయనా రిమాండే, తమ్ముడి పక్కన పడుకునేవాడు. రాత్రి లేచి కూర్చుంటే "ఏంరా కొడుకా, నీళ్ళు గావాల్నా" అనేవాడట. మాత్ర వేసుకున్నాడా లేదా చూసేవాడు. ఆయన రుణం మేం తీర్చుకోలేం. అయినా ఒక మాట చెప్పాలి. ఒక ఖైదీ మంచితనం మీద ఇంకో ఖైదీ ప్రాణం ఆధారపడకూడదు. ఆయనకు బెయిల్ వచ్చి వెళ్ళిపోయిన రోజు నుంచి నాకు మళ్ళీ భయం పట్టుకుంది. ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆ పని చేయాల్సింది నేర్చుకున్న సిబ్బంది.

తర్వాత సంహిత 369వ సెక్షన్ కింద విడుదల కోసం వేశాం. ఆస్పత్రిలో చేర్చి ఉంచాల్సిన అవసరం లేదని డాక్టరు చెప్పాలి, దగ్గరివాళ్ళెవరైనా క్రమం తప్పకుండా ఓపీలో చూపిస్తామని, తనకుగానీ వేరేవాళ్ళకుగానీ హాని జరగకుండా చూసుకుంటామని పూచీ ఇవ్వాలి. నేను సంతకం చేశాను. తమ్ముడు ఇంటికొచ్చాడు. కేసు నడుస్తోంది. రాత్రి మాత్ర నా ముందే వేసుకుంటాడు.

ఇప్పుడు నేను ఒక పని మీద ఉన్నాను. 2017 చట్టం 103వ సెక్షన్ ప్రకారం ప్రతి జైలు డాక్టరు మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు నివేదిక పంపాలి, తమ జైల్లో మానసిక జబ్బు ఉన్నవాళ్ళు లేరని ధ్రువీకరిస్తూ. ఉంటే ఎందుకు ఆస్పత్రికి పంపలేదని బోర్డు జైలుకు వచ్చి అడగవచ్చు. మా తమ్ముడు సెల్‌లో ఉన్న ఆ మూడు నెలల నివేదికలో ఏం రాశారో నాకు కావాలి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టాను. దానితోపాటు గేటు దగ్గర నింపే ఆరోగ్య ఫారం ఖాళీ ప్రతి ఒకటి అడిగాను. జైలు రిజిస్టర్లలో కులం గడి ఉండకూడదని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్ 3న తీర్పిచ్చింది. రిజిస్టర్లను ఎట్లాగూ మారుస్తారు కాబట్టి, మా జిల్లాల్లో గేటు ఫారంలో మూడు గడులు చేర్చమని సూపరింటెండెంట్‌కు, న్యాయ సేవాధికార సంస్థకు కూడా రాశాను. కల్లు రోజుకు ఎంత, ఆఖరుసారి ఎప్పుడు. ఇంతకుముందు మనసుకు మందు వాడారా, ఏ ఆస్పత్రిలో. ఈ రెండూ తెలిసిన ఇంటిమనిషి ఫోన్ నంబరు ఏది. మూడో గడి నింపి ఆ రాత్రే ఫోన్ చేస్తే చాలు, నోటుబుక్ పట్టుకుని పొద్దున్నే గేటు దగ్గర ఉండేదాన్ని.